ఇంద్రాణి పేరున్న నాలుగెకరాలు

మూడో రోజు కూడా దివాకర్ ఇంట్లో అన్నం ముట్టలేదు.

అలిగినవాడు అలిగినట్టు ఒక మూల ముసుగు తన్ని పడుకుంటే ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండేది. ఈయనది ఆ రకం అలక కాదు. పొద్దున ఏడయ్యేసరికల్లా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కండువా వేసుకుని, బస్టాండు దగ్గర మద్దిలేటి హోటల్లో కూర్చుంటున్నాడు. ఒక ప్లేటు బొరుగుల ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు, రెండు టీలు. మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మిల్లు దివాకర్ అంతటివాడు, వరసగా మూడు రోజులు హోటల్లో తింటే ఎర్రవంకలో దాన్ని వేరే చాటింపు వేయక్కరలేదు. కోర్టు గేటు దగ్గర ప్లీడర్లకు తెలిసిపోయింది. సంతలో కొత్తిమీర అమ్మేవాళ్ళకూ తెలిసిపోయింది.

ఇంద్రాణికి ఒళ్ళు మండుతున్నది అందుకే. ఆమె ఈ మూడు రోజులూ ఆయన వాటా కూడా వండుతోంది. సాయంత్రానికి దాన్ని బర్రె కుడితిలో కలుపుతోంది. ఈ ఇంట్లో ఎవరైనా బాగుపడ్డారంటే ఆ బర్రె ఒక్కటే.

"ఈపొద్దు సంగటి, ఊరిబిండి పచ్చడి చేసినా," అంది వంటింటి గడపలో నిలబడి. "తింటావా, బర్రెకు పెట్టాల్నా?"

దివాకర్ అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంటున్నాడు. తిరగలేదు.

"సంతకం పెట్టు, తింటా."

"సంగటికీ సంతకానికీ ఏం సంబంధమయ్యా?"

"మర్యాద ల్యాని ఇంట్లో నాకు మెతుకు దిగదు."

"మద్దిలేటి బజ్జీలు బాగానే దిగతాండాయే!"

దువ్వెన చప్పుడు చేస్తూ బల్ల మీద పడింది. వసారాలో మంచం మీద కూర్చుని ఆకువక్క నూరుకుంటున్న బయమ్మ, కొడుకు వైపూ కోడలి వైపూ ఒకసారి చూసి, మళ్ళీ నూరుకోవడంలో పడింది. ఎనభై దాటిన అత్తగారు ఈ గొడవలో ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం ఎవరి పక్షమో తెలియక ఇంద్రాణికి మరింత విసుగ్గా ఉంది.

తొమ్మిది రోజుల కిందట హైస్కూలు మైదానంలో జరిగిన మీటింగుతో మొదలైంది ఇదంతా. జిల్లాలు విడగొట్టినప్పుడు ఎర్రవంకకు ఒక రెవెన్యూ డివిజన్ ఆఫీసు దక్కింది. దక్కిందన్న మాటేగాని, అది మూతపడిన బట్టల షాపు మేడ మీద అద్దెకుంటోంది. ఇప్పుడు పైనుంచి కబురు వచ్చింది. ఊళ్ళో స్థలం చూపిస్తే సొంత భవనం కడతారట, లేకపోతే ఆఫీసును నాగులకుంటకు తీసుకుపోతారట. నాగులకుంట ఇరవై కిలోమీటర్ల అవతల, బైపాసు పక్కన ఉంది. పదేళ్ళ కిందట అక్కడ బస్సు ఆగడానికి కూడా డ్రైవర్లు గొణిగేవాళ్ళు. ఆ పేరు వినగానే ఎర్రవంక మగవాళ్ళకు పౌరుషం పొడుచుకొచ్చింది. అందరికంటే ముందు దివాకర్‌కు వచ్చింది. ఆయన అభివృద్ధి సమితికి అధ్యక్షుడు మరి.

"నాలుగెకరాలంతే గదా! నా మిల్లు జాగా ఇస్తాండా. ఉచితంగా. రాసుకోండి!" అన్నాడు మైకు లాక్కుని.

చప్పట్లు మోగాయి. ఎవరో దండ వేశారు. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. నాలుగు రోజుల కిందట కాగితాలు తీయిస్తే ఆ జాగా దివాకర్‌ది కాదని తేలింది. ఇంద్రాణిది.

ఎవరూ మోసం చేయలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఎన్నికల్లో నిలబడ్డప్పుడు, ఎదుటి పక్షంవాళ్ళు మిల్లు మీద కేసు వేస్తారని ఎవరో చెవిలో ఊదితే, దివాకరే ఒక మధ్యాహ్నం పూట దాన్ని భార్య పేరుకు మార్పించాడు. ఎన్నికలో ఓడిపోయాడు. మార్పించిన సంగతి మరిచిపోయాడు. ఎర్రవంకలో ఇది కొత్తేమీ కాదు. ఇక్కడి మగవాళ్ళకు భయం వేసినప్పుడల్లా భూమి ఆడవాళ్ళ పేరుకు వెళుతుంది. భయం తీరాక అది ఎవరి పేర ఉందో వాళ్ళకు గుర్తుండదు. భూ సీలింగు చట్టం రోజుల్లో దివాకర్ తండ్రి మాత్రం ఏడెకరాలు ఎద్దుల కాపరి పేర రాసి, ఆ సంగతి మరిచిపోలేక, బతికినన్నాళ్ళూ ఆ కాపరికి జలుబు చేసినా తనే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాడు.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లుండాది నీ యవ్వారం," అంది ఇంద్రాణి. ఈ మూడు రోజుల్లో అది ఆరోసారి అనడం.

"నీ పేరున పెట్టింది ఎవురు? నేను గదా!"

"పెట్టినావు. మిల్లు ఆగినంక నువ్వు ఆ జాగాలో కాలు పెట్టినావా? ఏడేండ్లాయె. తుప్పు పట్టిన మిషన్లు చూసి కండ్లనీళ్ళు పెట్టుకున్నావు, తలుపుకు బీగమేసినావు. ఆ బీగం తీసింది నేను."

అది నిజం. ఆ బీగం తీసి, పాములు తోలించి, షెడ్డు ఊడ్పించి, ఎనిమిది మంది ఆడవాళ్ళతో విత్తనం కోసం వేరుశనగ కాయ ఒలిపించడం మొదలుపెట్టింది ఇంద్రాణి. మిషన్లో ఆడిస్తే వేరుశనగ గింజ చీలుతుంది, పొర లేస్తుంది, నేలలో వేస్తే సగం మొలవదు. చేత్తో ఒలిచిన విత్తనం మొలిచి తీరుతుంది. ఆ సంగతి తెలిసిన రైతులు అటు బత్తలపల్లె నుంచి ఇటు తనకల్లు దాకా ఆమె దగ్గరికే మూటలు తెస్తారు. ఇప్పుడు నలభై రెండు మంది కూర్చుంటున్నారు. జూన్ మొదటి వారం ఇది. వాన పడిన మర్నాడు రైతు గేటు ముందు నిలబడతాడు, రేపు రా అంటే వినడు.

"ఆ ఒలిచేది యాడన్నా ఒలవొచ్చు," అన్నాడు దివాకర్.

"యాడ?"

 ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని హోటలుకు బయలుదేరాడు.

*

తొమ్మిదింటికి గంగాధర్ వచ్చాడు. వెనకాల సమితి మనుషులు నలుగురు ఉన్నారు. గంగాధర్‌కు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా జిరాక్సు అంగడి ఉంది. దస్తావేజులు టైపు చేస్తాడు, ఫారాలు నింపుతాడు, ఎవరి మధ్య తగాదా ఉన్నా రెండు వైపులా కాగితాలు తనే రాస్తాడు. దివాకర్‌కు తమ్ముడి వరస.

"వదినా, కాఫీ తాగేకి రాల్యా. ఊరి తరపున వచ్చినాం," అన్నాడు కుర్చీలో కూర్చుంటూనే.

"అయితే కాఫీ పెట్టనులే," అంది ఇంద్రాణి.

వెనకున్నవాళ్ళలో ఒకడు నవ్వబోయి ఆగిపోయాడు.

"రేపు పొద్దున పదకొండుకు జాగా చూసేకి పై ఆఫీసర్లు వస్తాండారు. కాగితం చేతిలో ఉంటేనే కారు దిగతారంట. నాగులకుంటోళ్ళు కాగితం తయారు చేసుకోని కూర్చున్నారు. ఈపొద్దు సాయంత్రం లోపల రిజిస్ట్రేషన్ కాకుంటే ఎర్రవంక పని అయిపాయె."

"తొంబై ఏండ్ల నుంచి ఎర్రవంక పని అయిపోతానే ఉండాది గదా గంగాధరా. నేను కాపురానికి వచ్చినప్పుడు సినిమా హాలు మూసినారు, పని అయిపాయె అన్నారు. మిల్లులు మూసినారు, అయిపాయె అన్నారు. ఊరు యాడికీ పోల్యా."

"నవ్వులాట కాదు వదినా!" గంగాధర్ కుర్చీ ముందుకు జరిగాడు. "ఈ ఊర్లో ఏముండాది చెప్పు. మగ్గాలా? అవి ధర్మవరంలో ఉండాయి. దేవుడా? కదిరిలో ఉండాడు. వాన పడితే ఏరుకునేకి వజ్రాలుండాయా? అవి వజ్రకరూరులో ఉండాయి. మనకుండేది కాగితమొక్కటే. కాగితం కోసరం వచ్చినోడు జిరాక్సు తీస్తాడు, టీ తాగుతాడు, బజ్జీ తింటాడు, పోతాపోతా బిడ్డకు గాజులు కొనక్కపోతాడు. ఆ ఒక్కడి మీద పదిమంది బతకతాండాం. ఆఫీసు పోతే సంత రోజు తప్ప ఈ బజార్లో మనిషి మొగం కనపడదు."

ఇంద్రాణికి చిరాకేసింది. వాడు చెప్పింది అబద్ధమైతే తిట్టి పంపేది. అబద్ధం కాదు. అదే ఆమెకు మింగుడుపడడం లేదు.

"కాగితం ఒకటే ఉండాదంటివే. నా నలభై రెండు మంది లెక్కల్యాకపాయెనా?"

"ఆడోళ్ళ పని వదినా అది. నాలుగు నెలలు కాయ, రెండు నెలలు చింతపండు..."

"ఆడోళ్ళు తినేది ఆరు నెలలేనా?"

గంగాధర్ నాలుక కరుచుకున్నాడు. సమితి మనుషులు గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. అప్పుడు వసారాలోంచి బయమ్మ గొంతు వినిపించింది. మూడు రోజుల్లో అదే మొదటి మాట.

"మునుపు ఈడ ఊరే ల్యా. బళ్ళారికి పోయే బండ్లు వంక కాడ ఆపి ఎద్దుల్ని ఇడిసేటోళ్ళంట. నాలుగు గుడిసెలు, ఒక బెల్లం అంగడి. అంతే. మా మామ నాయన కచేరీకి జాగా ఇస్తే తాలూకా ఈడికొచ్చె. మా మామ ఆసుపత్రికిచ్చినాడు. మీ మామ కోర్టుకిచ్చినాడు. జాగా ఇచ్చి ఇచ్చి ఊరిని చేసినారు ఈ ఇంటోళ్ళు."

"అట్ల చెప్పు పెద్దమ్మా!" గంగాధర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "విన్నావా వదినా?"

ఇంద్రాణి వింది.  పెళ్ళయి వచ్చిన ఇరవై ఎనిమిదేళ్ళలో ఈ కథ వెయ్యిసార్లు విని ఉంటుంది. ప్రతి శిలాఫలకం మీదా ఈ ఇంటి మగవాడి పేరు ఒకటుంది, ఈ ఇంట్లో మాత్రం వాన కురిస్తే మూడు చోట్ల గిన్నెలు పెట్టాలి.

కానీ బయమ్మ మాట పూర్తి కాలేదు. రోకలి పక్కన పెట్టి, నోట్లో ఆకు వేసుకోకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"కోర్టు కట్టిన జాగాలో నాకు పదారు చింతచెట్లుండె," అంది. "ఏడాది పొడుగునా ఇంట్లోకి చింతపండు కొనేపని ల్యాకుండె. కాయ రాలే దినాల్లో ఈదిలో ఆడోళ్ళంతా వచ్చేటోళ్ళు. ఒక ఆదివారం పొద్దున పోతే మొద్దులు మాత్రం ఉండె."

 గంగాధర్‌కు ఈ కథ ఈ వైపు తిరుగుతుందని తెలియదు పాపం. సమితివాళ్ళలో ఒకాయన దగ్గాడు. బయమ్మ ఆకు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. ఆమె చెప్పదలుచుకున్నది అంతే.

"సాయంత్రం మూడింటికి ఆఫీసు కాడ ఉంటాం," అని గొణిగి గంగాధర్ లేచాడు.

వాళ్ళు వెళ్ళాక ఇంద్రాణి అత్తగారి మంచం పక్కన చాలాసేపు నిలబడింది. ఇంకో మాట వస్తుందేమోనని చూసింది. రాలేదు.

"అత్తా, రాయమంటావా, వద్దంటావా?"

"నాకేం తెలుసు తల్లీ," అంది బయమ్మ కళ్ళు తెరవకుండా. "నా కాలం వేరు."

ఈ ఇంట్లో మగవాడు మాట్లాడితే ఆగడు, ఆడమనిషి మాట్లాడితే సాగదు. ఇంద్రాణి తాళాలు తీసుకుని మిల్లుకు నడిచింది.

*

షెడ్డులో చిటచిటమని కాయలు పగిలే చప్పుడు. ఆమె అడుగు పెట్టగానే అది తగ్గింది. నలభై ఒక్క జతల కళ్ళు ఆమె మీద పడ్డాయి. ఊళ్ళో ఏం జరుగుతోందో వాళ్ళకు ఆమెకంటే ముందే తెలుస్తుంది.

సిద్దమ్మ మాత్రం తల ఎత్తలేదు. మొదటి రోజు వచ్చిన ఎనిమిది మందిలో సిద్దమ్మ ఒకతె. చేతులు నల్లబడి, బొటనవేళ్ళు కాయలు కాసి ఉంటాయి. ఆమె ఒలిచిన గింజల్లో ఒక్క చీలిక కనిపిస్తే చూపించమని రైతులతో పందెం కాస్తుంది.

"ఏమ్మా, సాయంత్రం సంతకమంట గదా," అంది.

"ఎవురు చెప్పినారు?"

"నా కొడుకు భరత్ చెప్పినాడు. నువ్వు సంతకం పెట్టేదే తరువాయంట. పూలదండకు కూడా చెప్పినారంట."

ఇంద్రాణికి తల కొట్టుకోవాలనిపించింది. తనింకా ఏమీ చెప్పలేదు, పూలదండ మాత్రం తయారయింది. ఆమె సిద్దమ్మ ఎదురుగా గోనె మీద కూలబడి, ఒక చేరెడు కాయ ఒళ్ళోకి తీసుకుంది. చేతులు ఊరికే ఉంటే ఎవరినైనా కొట్టేట్టుంది.

"నువ్వేమంటావు సిద్దమ్మా? ఊరంతా ఒక దారి, నేనొక ఉలిపికట్టెనా?"

సిద్దమ్మ ఇంకో నాలుగు కాయలు ఒలిచింది.

"మా వాడు గంగాధర్ అంగట్లో ఉండాడు. పెండ్లయి ఏడాది కూడా కాల్యా. ఆఫీసు నాగులకుంటకు పోతే అంగడి ఆడికి పోతాది, ల్యాకుంటే మూస్తాడు. వాడి కూడు పోతాది. ఆఫీసు ఈడికి వస్తే నా కూడు పోతాది. ఒకే ఇంట్లో ఉండామమ్మా మేము. ఒకే కుండలోది తింటాం." గింజలు చాటలో పోసి తలెత్తింది. "నిన్న రాత్రి వాడూ నేనూ ఒకరి మొగం ఒకరు చూసుకోల్యా. యా చెయ్యి నరుక్కోమంటావో నువ్వే చెప్పు."

"నన్నడిగితే నేనేం చెప్పేది సిద్దమ్మా!"

"పేరు నీది గదమ్మా."

ఇంద్రాణి చేతిలో కాయ నలిగిపోయింది. తొమ్మిదేళ్ళ కిందట ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఈడ పెట్టు అంటే ఈడ, ఆడ పెట్టు అంటే ఆడ సంతకాలు పెట్టి, దారిలో టమోటాలు కొనుక్కుని ఇంటికి వచ్చింది. ఆ రోజు ఎవరూ ఆమెకు అది బరువని చెప్పలేదు.

ఒకటిన్నరకు దివాకర్ మిల్లుకే వచ్చాడు. ఏడేళ్ళ తర్వాత. గేటు లోపలికి వచ్చి, పాత మిషన్ల వైపు చూడకుండా, షెడ్డు వైపే నడిచి, ఆమెను పక్కకు పిలిచాడు.

"షెడ్డు, బాయి, ఆ పక్క ఒకెకరా నీకు ఇడిసిపెడతాం," అన్నాడు. "మిగిలింది ఆఫీసుకు. సరేనా?"

ఇంద్రాణి అనుమానంగా చూసింది. "నాలుగెకరాలు కావాలన్నారే?"

"నేను మాట్లాడతాలే వాండ్లతో. నువ్వు అలిగి కూర్చుంటే నాకు తల ఎత్తుకోని తిరిగేకి కాకుండాది ఊర్లో."

"అలిగింది నేనా!" అంది ఆమె. కానీ లోపల ఏదో వదులైంది. షెడ్డు ఉంటుంది, బావి ఉంటుంది. సిద్దమ్మ ఉంటుంది, భరత్ ఉంటాడు. ఇంత చిన్న మాట చెప్పడానికి ఈ మహానుభావుడు మూడు రోజులు మద్దిలేటి హోటల్లో నూనె తాగాడు!

ఇంటికి వెళ్ళి సంగటి వడ్డించింది. దివాకర్ తల వంచుకుని రెండు ముద్దలు తిన్నాడు. ఊరిబిండి బాగుందని కూడా అన్నాడు. ఆయన వంటను మెచ్చుకున్నప్పుడల్లా వెనకాల ఏదో ఒకటి ఉంటుందని ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం చెప్పింది గాని, ఆ రోజు ఇంద్రాణి చెవిన పెట్టలేదు.

*

రిజిస్ట్రారాఫీసు ముందు నిజంగానే పూలదండ ఉంది. తప్పెట్లవాళ్ళు ఇద్దరు చింతచెట్టు నీడలో కూర్చుని బీడీ కాలుస్తున్నారు. సమితి మనుషులు తెల్లచొక్కాలతో దారికి అటూ ఇటూ నిలబడ్డారు. ఇంద్రాణి తల వంచుకుని లోపలికి నడిచింది.

గంగాధర్ కాగితాలు ముందు పెట్టాడు. పెన్ను మూత తీసి మరీ అందించాడు.

"ఈడ, ఈడ, ఈడ. బిరీన పెట్టు వదినా, ఐదింటికి సర్వరు మూస్తారు."

ఇంద్రాణి సంచీలోంచి కళ్ళద్దాలు తీసింది.

"చదివేదేముండాది వదినా, మామూలు దస్తావేజే."

"మామూలుదే గదా. చదివితే అరిగిపోదులే."

మొదటి పేజీలో అంతా పొగడ్తలే. ఎర్రవంక పురాభివృద్ధిని కాంక్షించి, వంశగౌరవాన్ని నిలిపి. రెండో పేజీలో హద్దులు. తూర్పు మెయిన్ రోడ్డు, పడమర తిమ్మప్ప పొలం, ఉత్తరం కోర్టు ప్రహరీ, దక్షిణం వంక. ఆమె వేలు ఆ నాలుగు దిక్కుల మీదా ఒకసారి నడిచి, మళ్ళీ మొదటికి వచ్చింది. వంక దాకా అంటే షెడ్డు లోపలే. బావి కూడా లోపలే.

"షెడ్డేది?" అంది.

గంగాధర్ దివాకర్ వైపు చూశాడు. దివాకర్ తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు.

"నిన్నే అడుగుతాండా. షెడ్డు ఇడిసిపెడతామంటివే, అదేది ఇందులో?"

"ఒకటే ముక్క నాలుగెకరాలుండాలంట," అన్నాడు దివాకర్ మెల్లగా. "మూడిస్తే తీసుకోరంట."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

ఆయన కండువా కొస సర్దుకున్నాడు.

"సంగటి తినేటప్పుడు తెలుసా?"

"నిన్ననే తెలుసు."

ఇంద్రాణికి నవ్వు రాబోయింది, ఏడుపూ రాబోయింది. రెండూ ఒకేసారి రావడంతో ఏదీ బయటికి రాలేదు. మూడు రోజులు అలిగి హోటల్లో తిన్నవాడు, మిల్లులో అబద్ధం చెప్పి, ఆ తర్వాత ఆమె చేతి ముద్ద కూడా తిన్నాడు. తిట్టడానికి కూడా ఓపిక లేనంత విసుగు వచ్చింది ఆమెకు.

"ఎర్రవంక, ఇంద్రాణి!" అని లోపలినుంచి పిలిచారు.

సబ్ రిజిస్ట్రారు హేమావతికి ముప్పై ఏళ్ళుంటాయి. పొద్దుటినుంచి ఇరవై దస్తావేజులు చేసి విసిగిపోయిన ముఖం. తలెత్తకుండానే అడుగుతోంది.

"ఈ ఆస్తి మీ సొంతమేనా?"

"నాదే మేడం."

"ఈ దానపత్రం మీరు ఇష్టపూర్వకంగానే రాసిస్తున్నారా?"

"ఇష్టపూర్వకంగానే మేడం," అన్నాడు గంగాధర్.

"మిమ్మల్ని కాదు, ఆమెను అడుగుతున్నా."

"కాదు మేడం," అంది ఇంద్రాణి.

హేమావతి తలెత్తింది. గుమ్మంలో నిలబడిన తెల్లచొక్కాలు కదిలాయి. పక్క గదిలో టైపు చేస్తున్న చప్పుడు ఆగింది.

"ఎవరైనా బలవంతం చేస్తున్నారా?" హేమావతి పెన్ను అందుకుంది. చూపు దివాకర్ మీద ఉంది. "భయపడకుండా చెప్పండి. అదే నిజమైతే నేను రాసుకోవాలి, పైకి తెలపాలి."

దివాకర్ ముఖం పాలిపోయింది. ఒక్క మాటతో ఆయన పరువు, అధ్యక్ష పదవి, కండువా అన్నీ ఆ గదిలోనే నేల రాలిపోతాయి. ఇంద్రాణికి ఆ మాట అనాలనే ఉంది. అనేంత కోపం ఉంది. కానీ అది నిజం కాదు, నిజం అంతకంటే అధ్వాన్నం.

"బలవంతమేం ల్యా మేడం," అంది. "ఎవురూ కొట్టల్యా. అలిగినారు, బతిమాలినారు, అబద్ధం చెప్పినారు. మైకులో ఇచ్చేసినారు, పేపర్లో వేసినారు, పూలదండ తెచ్చినారు. ఇస్తావా అని మాత్రం నన్ను ఒక్కరూ అడగల్యా. మొదట అడిగింది మీరే."

హేమావతి కాగితాలు మడిచి బల్ల ఇవతలికి జరిపింది.

"అయితే నేను చేయలేను. ఐదింటిదాకా ఇక్కడే ఉంటాను. మాట్లాడుకుని రండి," అంది. ఈసారి ఆ గొంతులో విసుగు లేదు.

గంగాధర్ ఏదో అనబోయాడు. దివాకర్ చెయ్యెత్తి ఆపాడు. గుమ్మంలో ఉన్నవాళ్ళను బయటికి పొమ్మనలేదు, తలుపు వేయమనలేదు. స్టూలు లాక్కుని భార్య పక్కన కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఆ పొద్దు నాదనుకోని ఇచ్చేసినా," అన్నాడు. "నీదని తెలిసినంక కూడా నాదే అనుకున్నా. తప్పే. ఇప్పుడు అడుగుతాండా ఇంద్రాణీ. షెడ్డు పోతాది, బాయి పోతాది, నువ్వు ఇన్నేండ్లు చేసిందంతా పోతాది. దాచేదేం ల్యా. ఇస్తావా? వద్దంటే నేనే బయటికి పోయి వాండ్లకు చెప్తా. నా భార్య ఇయ్యదు, మీరు ఇండ్లకు పోండి అని."

గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. గుమ్మంలో అందరూ వింటున్నారు. వాళ్ళ భుజాల వెనక నుంచి భరత్ మెడ చాచి చూస్తున్నాడు. జిరాక్సు అంగట్లోంచి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, చేతిలో ఎవరివో కాగితాలు అలాగే ఉన్నాయి.

ఈ మూడు రోజుల్లో దివాకర్ అనబోయే ప్రతి మాటకూ ఇంద్రాణి ఒక జవాబు నూరి పెట్టుకుంది. వంట చేస్తూ, కాయ ఒలుస్తూ, బర్రెకు కుడితి పోస్తూ వాటిని పదును పెట్టుకుంది. ఆయన అడుగుతాడని మాత్రం అనుకోలేదు.

"ఏమంటావు?" అన్నాడు దివాకర్. తొందరపెట్టలేదు, నిజంగానే జవాబు కోసం చూస్తున్నాడు.

ఇంద్రాణి కాగితాలు ముందుకు లాక్కుని, ఆ నాలుగు హద్దులనూ మొదటినుంచి మళ్ళీ చదవసాగింది.